మితవాది రాజీనామా

ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారెవరని మా తరగతిలో అడిగినచో అందఱును చేతులెత్తుదురు. 1928వ సంవత్సరమున సైమను కమిషను వచ్చినపుడు మద్రాసులో తుపాకుల యెదుట ఱొమ్ము విప్పి నిలిచిన కథ చిన్నపిల్లలకు సైతము కంఠస్థము. ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరు పెట్టిరి. అది న్యాయమే. కాని అదే కమిషనును ఆ కాలముననే బహిష్కరించిన పక్షములో మఱియొక యాంధ్ర నాయకుడు కలరు. వారు వీథిలో నిలిచినవారు కారు. పత్రికలోను శాసనసభలోను నిలిచినవారు. వారి పేరు చిఱ్ఱావూరి యజ్ఞేశ్వర చింతామణి. ఈ పేరు చెప్పినచో మా తరగతిలో ఒక్క చేయియు లేవదు. పిల్లల ననుట యెందులకు? సంస్కృతమును ఇంగ్లీషును నేర్చి, నలుబదియేండ్లు దాటి, ఇన్నేండ్లుగా పాఠములు చెప్పుచున్న మేమే మొన్నటివఱకును ఆ పేరెఱుగము.

మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో మా పాఠశాల పాత బీరువాను సర్దుపని మా పాలబడినది. చెదలు తినిన కాగితముల నడుమ అట్టయూడిన ఇంగ్లీషు పుస్తకమొకటి దొరకెను. ‘ఇండియన్ పాలిటిక్స్ సిన్స్ ది మ్యూటినీ’ యని దాని పేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చింతామణిగారిచ్చిన యుపన్యాసములు 1937లో ఆ రూపమున అచ్చుపడినవి. సిపాయిల తిరుగుబాటు మొదలుకొని మన దేశ రాజకీయముల నడకను అందు వివరించిరి. కాలక్షేపమునకై తెఱచిన పుస్తకమును విడువలేక ముగించితిమి. పిమ్మట ఈ గ్రంథకర్త యెవరో తెలిసికొనవలెనను కోరిక పుట్టి, దొరకినంతవఱకు వెదకితిమి. ఆ వెదకుటలో వారి చరిత్రతోబాటు మా దోషమొకటి మాకు కనబడినది. ఈ వ్యాసము ఆ రెంటిని గూర్చినది.

చింతామణిగారు 1880 ఏప్రిలు 10వ తేదీన విజయనగరములో వైదిక విద్వత్కుటుంబమున జన్మించిరి. వారు పుట్టిన మరుసటి యేడే, 1881 డిసెంబరులో, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహము జరిపించిరి. ఆ సంస్కరణపు గాలి వీచుచున్న కాలమున చింతామణిగారి బాల్యము గడచినది. విజయనగరము మహారాజావారి కళాశాలలో చదివిరి గాని పట్టము పుచ్చుకొనలేదు. ఇరువదియేండ్ల ప్రాయము నాటికే విశాఖపట్టణములోను విజయనగరములోను ఇంగ్లీషు పత్రికలు నడపిరి. అవి నిలువలేదు. మద్రాసు చేరి అచట మఱియొక పత్రికలో పని నేర్చిరి. 1901లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, ‘ఇండియన్ సోషల్ రిఫారమ్’ అను పెద్ద సంపుటమును కూర్చి మద్రాసున ప్రకటించిరి. సంఘసంస్కరణమును గూర్చి ఆ కాలపు పెద్దలు వ్రాసిన వ్యాసములును, మహాదేవ గోవింద రానడే మొదలగువారి యుపన్యాసములును అందు కలవు. స్త్రీవిద్య, బాల్యవివాహము, వితంతువివాహము, కులభేదము అను విషయములపై దేశమంతటను జరుగుచున్న యాలోచనను ఒకచోట చేర్చిన పుస్తకమది. రానడే పరమపదించినదియు ఆ యేడే. పట్టము లేని పడుచువాడొకడు ఇంత బరువు నెత్తికెత్తుకొనుట సామాన్యము కాదు.

తరువాత వారు అలహాబాదునకు పోయిరి. 1909 అక్టోబరులో పండిత మదనమోహన మాలవీయగారి పూనికతో అచట ‘లీడర్’ అను ఇంగ్లీషు దినపత్రిక వెలసెను. దాని పాలకవర్గమునకు మొదటి యధ్యక్షుడు మోతీలాల్ నెహ్రూగారు. ఆ పత్రికకు సంపాదకులై చింతామణిగారు తమ యౌవనమంతయు ధారపోసిరి. హిందీవారి నడుమ తెలుగువాడొకడు ఇంగ్లీషున వ్రాసి ఒక రాష్ట్రమునకు రాజకీయోపాధ్యాయుడగుట వింతయే. 1916లో సంయుక్తరాష్ట్రముల శాసనసభలో సభ్యులైరి. 1918లో మాంటేగు, చెమ్సుఫర్డుల సంస్కరణలను గూర్చి కాంగ్రెసులో భేదము పుట్టెను. ఇచ్చినదానిని పుచ్చుకొని, పని చేసి చూపి, మిగిలినదానికై పోరాడవలెనన్నవారు వేఱుపడి, ఆ నవంబరులో సురేంద్రనాథ బెనర్జీగారి యధ్యక్షతను బొంబాయిలో కూడిరి. వారినే లిబరలులనియు మితవాదులనియు అనిరి. ఆ సమాఖ్య మహాసభకు చింతామణిగారు 1920లో నొకమాఱును 1931లో మరియొకమాఱును అధ్యక్షులైరి.

మితవాది యను మాట నాడు ఎగతాళికి లోకువయైన మాట. అర్జీలు వ్రాయువారనియు, తెల్లదొరల గుమ్మములకడ కాచుకొనువారనియు జనులు నవ్విరి. ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. కాని చింతామణిగారి జీవితములో ఒక ఘట్టము ఆ నవ్వును నిలిపివేయును.

1921 జనవరిలో వారు సంయుక్తరాష్ట్రములలో విద్యకును పరిశ్రమలకును మంత్రియైరి. అప్పటి ప్రభుత్వమును ద్వంద్వపాలన యనిరి. విద్య, స్థానిక స్వపరిపాలనము, వ్యవసాయము మొదలగునవి ప్రజలెన్నుకొనిన సభకు బాధ్యులైన మంత్రులవి. పోలీసు, భూమిశిస్తు, బొక్కసము మొదలగునవి గవర్నరుగారికి లోబడిన కార్యనిర్వాహక సభ్యులవి. మా పిల్లలకు దీనిని బోధించుటకు మేమొక ఉపమానము చెప్పుదుము: వంట కోడలిది, కొట్టుగది తాళపుచెవి అత్తగారిది. వంట చెడినచో మాటపడునది కోడలు. బియ్యము కొలిచి యిచ్చునది అత్తగారు. అట్టి కాపురములో సైతము, చింతామణిగారు మంత్రిగా నున్న 1921లోనే అలహాబాదు విశ్వవిద్యాలయమును పునర్నిర్మించు చట్టమును, హైస్కూలు ఇంటర్మీడియెట్ పరీక్షలకు వేఱుగ బోర్డు నేర్పఱచు చట్టమును వెలువడినవి. ఆ బోర్డు శతాబ్దము గడచినను నిలిచియున్నది.

1923లో గవర్నరుగారికిని వారికిని మంత్రుల యధికారమును గూర్చి పొసగలేదు. తన శాఖలో తన మాటకు విలువ లేనపుడు ఆ పీఠమున కూర్చుండుట ప్రజలను మోసగించుటయే యని తలచి చింతామణిగారు రాజీనామా యిచ్చిరి. తోడి మంత్రి పండిత జగత్ నారాయణగారును వారితో వెడలిరి. గమనింపుడు: ఆ పదవి పోయినచో చేరుటకు వారికి జమీ లేదు, న్యాయవాదవృత్తి లేదు, పట్టము లేదు. ఉన్నది కలమొకటే. మరుసటి యేడు ద్వంద్వపాలనను విచారించిన ముడ్డిమాను సంఘము నెదుట సాక్ష్యమిచ్చి, లోపలనుండి చూచిన దోషములను వెల్లడించిరి. అరవలేదు, తిట్టలేదు. లెక్క చెప్పి లేచివచ్చిరి. ఇది మితవాది చేసిన పని.

పిమ్మటి కథ ఉత్సాహకరమైనది కాదు. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించినందున లిబరలులకు తావు దొరకెను. 1923 చివర స్వరాజ్యపక్షమువారు రంగమున దిగగానే అది పోయెను. చింతామణిగారు 1927లో మరల శాసనసభకు వచ్చిరి. 1930లో లండనున జరిగిన మొదటి రౌండుటేబులు సభకు పోయిరి. 1939లో ‘సర్’ బిరుదమును పుచ్చుకొనిరి. పదవిని త్రోసివేసిన చేయి బిరుదమును పట్టుట మాకు రుచింపలేదు. కాని దాచిపెట్టి పొగడుట చరిత్రము కాదు. 1941 జులై 1వ తేదీన దివంగతులైరి. స్వాతంత్ర్యమును చూడలేదు.

మితవాదు లేల ఓడిపోయిరి? ఇది మన దేశమునకే చెందిన ప్రశ్న కాదు. ఆ పేరును ఆ తలంపులును ఐరోపానుండి వచ్చినవి. ఆ యోటమియు అచ్చటనే ముందుగ జరిగినది. బెల్జియము దేశమున వాల్తేర్ ఫ్రేర్-ఓర్బాన్ (1812–1896) అను లిబరల్ నాయకు డుండెను. పట్టణముల వాకిళ్లలో సరకులపై వసూలు చేయు సుంకములను 1860లో ఎత్తివేయించెను. 1879లో ఆయన ప్రభుత్వము ఊరూరను మతాధికారుల చేతిక్రింద లేని సర్కారుబడి యుండవలెనని చట్టము చేసెను. దానిపై దేశము రెండుగా చీలి, 1884లో ఆయన పక్షము ఓడెను. బడి మంచిదే, కాని ఆ బడికి పిల్లలను పంపవలసిన పల్లెవారికి వోటు లేదు. వోటు సామాన్యులందఱకు నీయగూడదని ఆయనయే పట్టుపట్టెను. కడకు వోటర్లు సుమారు పదిరెట్లు పెరిగిన 1894 ఎన్నికలలో, ఎనుబది దాటిన యా వృద్ధుడు తన లియేజ్ స్థానమును పోగొట్టుకొనెను. మన దేశమునను ఇంచుమించుగ నిదియే జరిగినది. 1935 చట్టముచే వోటర్లు సుమారు మూడుకోట్లైనపుడు, 1937 ఎన్నికలలో లిబరలుల జాడ కనబడుటయే కష్టమాయెను. ప్రజలకొఱకు పాటుపడిరి; ప్రజల వాకిట కూర్చుండలేదు. చింతామణిగారి కలము వాడియైనది, కాని అది వ్రాసినది ఇంగ్లీషు. అలహాబాదు పొలములలోని రైతునకును తెలియదు, విజయనగరములోని మేనత్తకును తెలియదు.

ఇంతవఱకు వ్రాసి ఊరకుండినచో ఈ వ్యాసము మాకు సుఖముగా నుండెడిది. కాని మా మాట చెప్పెదమంటిమి.

మా మార్కాపురము పలకలకు పేరుపడిన యూరు. చుట్టుపట్ల రాతిగనులు, రాయి చీల్చి నునుపుచేయు ఫ్యాక్టరీలు. దేశదేశముల పిల్లలు మా రాతిపై అక్షరములు దిద్దిరి. మావైపు గిద్దలూరువఱకును మెట్టసీమ; వాన తప్పినచో వలసయే. మిరపకాయల కోతకాలమున గుంటూరువైపునకు కుటుంబములకు కుటుంబములే తరలిపోవును. మేము పనిచేయు బడి అట్టి పల్లెలలో నొకదానియందు కలదు.

ఐదేండ్ల క్రిందటి సంగతి. తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక యుండెను. పదునాలుగేండ్లది. ఇంగ్లీషు మాటల యర్థములకై మా సొంత నిఘంటువును ఇంటికి తీసికొనిపోవుచుండెను. తండ్రి పలకల ఫ్యాక్టరీలో రాయి కోసి, రాతిదుమ్మునకు దగ్గుపట్టి, ఆ పని మాని కూలికి పోవువాడు. సంక్రాంతి సెలవుల తరువాత ఆమె బడికి రాలేదు. పెండ్లి కుదిరినదని తోడిపిల్లలు చెప్పిరి. సాయంకాలము మేము వారి యింటికి పోయితిమి. తండ్రి మంచము వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, నిలుచుండియే మాటలాడెను.

“ఏం జేసేది సారూ? వానల్లేవు. ఇంకో పది దినాలకు మిరపకోతలకు పోవాల. ఎదిగిన పిల్లను ఆ గుడిసెల్లో పెట్టుకోలేం, ఈడ ఒంటిగా ఇడిసిపోలేం. మీరే ఒక దోవ జెప్పండి.”

మేము దోవ చెప్పలేదు. చట్టము చెప్పితిమి. 2006వ సంవత్సరపు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరమంటిమి. ఆయన తల వంచుకొని, “మీకు తెలీనిదేముంది సారూ” అనెను. మేము లేచివచ్చితిమి.

ఆ రాత్రి అధికారులకు అర్జీ వ్రాయుటకు కూర్చుంటిమి. ఇంగ్లీషున వ్రాసితిమి. సెక్షన్ల సంఖ్యలు సరిచూచితిమి. ఒకమాఱు వ్రాసినది కఠినముగా తోచెను, మార్చితిమి. రెండవమాఱు మెత్తగా తోచెను, మరల మార్చితిమి. పేరు పెట్టవలెనా వలదా యని యొక దినము గడపితిమి. 1098 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో వెంటనే మనుష్యులు వత్తురని మాకు తెలియును, చేయలేదు. మేము కాపురమున్న యద్దెయిల్లు ఆ బాలిక మేనమామది. ఈ వాక్యము వ్రాయుటకు మాకు ఐదేండ్లు పట్టినది. తొందరపడరాదు, మర్యాద తప్పరాదు, అన్ని వైపులను చూడవలెను అని మనసునకు నచ్చజెప్పుకొంటిమి గాని, నిజమునకు ఇల్లు ఖాళీ చేయుమందురని భయపడితిమి. నాలుగవ నాటికి అర్జీ సిద్ధమైనది. మూడవ నాటి రాత్రియే కొండమీది గుడిలో పెండ్లియైపోయినది. ఆ యర్జీలో భాషాదోషమొక్కటియు లేదు. వారము గడచిన పిదప ఆమె తమ్ముడు మా నిఘంటువును వార్తాపత్రికలో చుట్టి తెచ్చి మా బల్లపై పెట్టిపోయెను.

చింతామణిగారి చరిత్రము చదువునపుడు మాకు కలుక్కుమన్న దిచ్చటనే. ఇరువదియొక్క యేండ్ల ప్రాయమున బాల్యవివాహమును గూర్చిన వ్రాతలను పోగుచేసి దేశమునకిచ్చిన మనుజుడాయన. శారదా చట్టము వచ్చుటకు ఇంకను ఇరువదియెనిమిదేండ్లుండెను. నూటయిరువదియేండ్ల తరువాత, చట్టము చేతిలో నుండగా, మేము చేసినదేమి? మేమును మితవాదులమే యని మురిసినవారము. మా మితము మాటలలో లేదు. ఏమి పోగొట్టుకొనుటకు సిద్ధముగా నుంటిమో అందులో నుండెను. ఆయన మాటలో మితము పాటించి, సమయము వచ్చినపుడు మంత్రిపీఠమును వదలిరి. మేము మంత్రిపీఠము లేకయే, మూడు గదుల యద్దెయింటిని వదలలేకపోతిమి. రెంటికిని ఒకటే పేరు పెట్టుకొనుట ఆ పేరునకు ద్రోహము.

ఇక ఆయన లోపమును మాలో సంపూర్ణముగా నుండెను. ఆ తండ్రి అడిగినది దోవ. బాలికలకు వసతితోకూడిన కస్తూరిబా గాంధీ విద్యాలయములు 2004నుండి కలవు. వలసపోవువారి బిడ్డ చదువు ఆగకుండుటకే అట్టివి. ఆ మాట ఆ మంచముపై కూర్చుండి ఆయన భాషలో చెప్పియుండినచో విని యుండునో లేదో. చెప్పలేదన్నది మాత్రము నిజము. మా యర్జీలో వానల ప్రసక్తి లేదు, వలస ప్రసక్తి లేదు. ఆయన చెప్పినదానిలో ఒక్క ముక్కయు లేదు.

నిరుడు మఱియొక బాలిక విషయమున అట్లు చేయలేదు. కోతలకు పోవు కాలమునకు ముందే, దీపావళి దాటగానే ఇంటికి పోయితిమి. వసతిబడి సంగతి చెప్పితిమి. తండ్రి ఒప్పుకొనెను; పెదతండ్రి ఒప్పుకొనలేదు; లగ్నము పెట్టిరి. ఈమాఱు మా పేరు చెప్పియే టెలిఫోను చేసితిమి. అధికారులు వచ్చిరి, పెండ్లి ఆగినది. అంతటితో అన్నియు చక్కబడలేదు. కుటుంబమువారు కోపించి బిడ్డను కోతలకు తీసికొనిపోయిరి; ఆ యేడాది చదువు పోయినది. జూనులో మాత్రము తల్లియే వచ్చి వసతిబడిలో చేర్పించినది. మమ్ము ఇల్లు ఖాళీ చేయుమనిరి. ఇప్పుడు మార్కాపురములో రెండు గదులలో కాపురముండి బస్సుమీద బడికి పోవుచున్నాము. ఇందులో గొప్పయేమియు లేదు. ఆ మొదటి బాలిక నాడే చేయవలసిన పని.

ఆమెను మొన్న బస్సుస్టాండులో చూచితిమి. చంకను బిడ్డ. “బాగున్నారా సారూ?” అని ఆమెయే పలుకరించినది. మేమేమో గొణిగితిమి. ఇంటికి వచ్చి లెక్కించితిమి: ఆమెకు పందొమ్మిదవ యేడు. సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి పరీక్షకు కట్టవచ్చును. నిఘంటువు మాయొద్దనే యున్నది. ఈ ఆదివారము దానిని తీసికొని వారి యూరికి పోవలెననుకొంటిమి. ఆమె భర్తతోను అత్తగారితోను మాటలాడవలసియుండును. ఏమందురో తెలియదు. దరఖాస్తు ఫారము మాత్రము తెలుగులో నున్నదే తెచ్చితిమి.